గది మొత్తం పట్టే లెన్సు

షోలాపూర్ దాజీ పేట్‌లోని మా పుట్టింట్లో ఫోటో తీయాలంటే ముందు వీపు గోడకు ఆనించాలి. ఆనించాక ఇంకాస్త వెనక్కి జరగాలనిపిస్తుంది. గోడ జరగదు. పోనీ తలుపు బయటికి వెళ్ళి సందులో నిలబడదామంటే గుమ్మం చెక్కలు రెండు పక్కలా అడ్డమొచ్చి, ఇల్లంతా పోయి కిటికీ అంత ముక్క మిగులుతుంది. పైగా మా సందు ఎంత ఇరుకంటే, అక్కడ నిలబడితే ఎదురింటి వాళ్ళ పొయ్యి మీద ఏముందో వాసన చూడక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది.

ఉన్నది ఒక్కటే గది. గది నడుమ గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి నాన్న కూర్చుంటే ఆయన ముందు నిలువు పోగుల పడుగు అవతలి గోడ దాకా పరుచుకుని ఉండేది. మగ్గానికి ఎడమ పక్క, గోడ వారగా అమ్మ రాట్నం. పడుగులోంచి అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం అమ్మ పని. తినడం, చదువుకోవడం, పడుకోవడం, పోట్లాడుకోవడం అన్నీ మగ్గం వదిలేసిన చోట్లోనే. చుట్టాలొస్తే వాళ్ళకూ అదే చోటు.

పెళ్ళయ్యాక నేను వెళ్ళింది ఎంతో దూరం కాదు, భవాని పేట్‌కి. మా ఆయన వాళ్ళదీ నేతవాళ్ళ ఇల్లే. ఆయన మాత్రం మగ్గం మీద మనసు పెట్టలేక, ఇంటి ముందు గదిలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. పాస్‌పోర్టు ఫోటోలు, బడి పిల్లల ఫోటోలు, నీలం పరదా ముందు బిగుసుకుపోయిన కొత్త జంటలు. నేను కెమెరా పట్టింది ఒడిబియ్యాల వల్ల. ఆడవాళ్ళ వేడుకలకు మగ ఫోటోగ్రాఫరు వస్తే మా వాళ్ళందరూ కొంగు ముందుకు లాక్కుని తలలు వంచేసేవాళ్ళు. ప్రింట్లు వచ్చాక చూస్తే అన్నీ పాపిడి బొట్లే. అందుకని మా ఆయన కెమెరా నా మెడలో వేసి, వెలుతురు చూసుకోవడం, ఫోకస్ తిప్పడం నేర్పి నన్ను పంపడం మొదలుపెట్టాడు. పాపం, ఓపిగ్గానే నేర్పాడు. నేను ఓపిగ్గా నేర్చుకున్నానని మాత్రం చెప్పను.

అక్కడి నుంచి నా గొడవలు మొదలయ్యాయి. కెమెరాతో వచ్చిన లెన్సు యాభై నంబరుది. ఆ నంబరు తగ్గేకొద్దీ లెన్సులో పట్టే వెడల్పు పెరుగుతుంది. యాభై అంటే ఎదురుగా కూర్చున్న ఇద్దరికో ముగ్గురికో సరిపోతుంది. తర్వాత ఇరవై ఎనిమిది తెచ్చుకున్నాం. మా ఇళ్ళకు అదీ చాలలేదు. ప్రింట్లు తీసుకెళ్ళి ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒకటే పంచాయితీ. మా చిన్నత్త ఏది, మా ఆడబిడ్డ సగమే ఉందేం, పెట్టిన చీర కనిపిస్తోంది గానీ పెట్టిన మనిషి కనిపించదేం అని. ఫోటోలో కోసుకుపోయిన వాళ్ళంతా నేను కావాలని చేసినట్టే చూసేవాళ్ళు. కొంతం చౌక్‌లో ఒకావిడ నన్ను చూసి పక్కనున్న ఆవిడతో, మనుషులను సగానికి కోసే ఆమె ఈమెనే అని చెప్పింది. నాకు వినపడాలనే చెప్పింది. నేనూ ఊరుకోలేదనుకోండి.

ఆ కోపంలోనే వెడల్పు లెన్సు మాట ఇంట్లో ఎత్తాను. కానీ ఆ మాటను కొనేదాకా తీసుకొచ్చింది మా అమ్మ.

ఇది తొంభైల మధ్యలో సంగతి. నాన్నకు మోకాళ్ళు పట్టేసి, గుంటలోకి దిగడం, పైకి రావడం కష్టమైపోయింది. అన్న ఆ గదిలో పవర్‌లూములు పెడతానని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. నాన్న సరే అనలేదు, వద్దూ అనలేదు. మగ్గం మీదికి ఇంకో పడుగు ఎక్కించి, ఇది అయిపోయాక చూద్దాం అన్నాడు. అదే ఆఖరి పడుగని ఇంట్లో అందరికీ అర్థమైంది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మా ఇంట్లో పెద్ద విషయాలన్నీ అలాగే జరుగుతాయి, ఉప్పు తక్కువైతే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అమ్మ కండెలు చుడుతోంది. నాన్న భోజనం చేసి అరుగు మీద కూర్చున్నాడు. మగ్గానికి ఎదురు గోడ మీద మా ఆయన తీసిన ఫోటోలు వరుసగా ఉన్నాయి. కొత్తగా ఏ లెన్సు వచ్చినా ఆయన ముందు అత్తగారింట్లోనే పరీక్ష చేసేవాడు కాబట్టి, మా గది ఫోటోలకు కొదవ లేదు. అన్నింట్లోనూ మగ్గం నడుమ నాన్న ఉంటాడు. అమ్మ ఉండదు. ఒకదాంట్లో రాట్నం పిడి పట్టుకున్న చెయ్యి ఉంది, గాజులతో సహా. ఇంకోదాంట్లో మోకాలు, దాని మీద చీర కుచ్చిళ్ళు. నేను వాటిని చిన్నప్పటి నుంచి ఎరిగిన గోడలాగే చూస్తూ వచ్చాను. అమ్మ ఆ రోజు రాట్నం ఆపకుండానే అంది:

“మగ్గం తీసేలోపట ఒక్క ఫోటో తియ్యి బిడ్డా. పని నడుస్తుండంగనే తియ్యాలె. మగ్గం పూరా రావాలె, మీ నాయిన రావాలె, నేను గూడ రావాలె. నా చెయ్యి ఒక్కటే గాదు.”

మా అమ్మ తనకు ఏదైనా కావాలని అడగడం నేను అంతకు ముందు వినలేదు. ఆమెను పక్కకు జరిపి రాట్నం ముందు నేను కూర్చున్నాను. కాసేపు చుట్టాను. అమ్మ నా చేతిలోంచి కండె తీసుకుని, చూసి, మళ్ళీ విప్పి చుట్టుకుంది.

పని నడుస్తుండగానే అని ఆమె ఊరికే అనలేదు. ఖాళీ మగ్గాన్ని ఫోటో తీయడం నాన్నకు గిట్టదు. పడుగు లేని మగ్గం ముందు ఎవరినీ నిలబెట్టేవాడు కాదు. అంటే ఆ పడుగు అయిపోయేలోపే ఫోటో కావాలి. నాన్నేమో రోజూ నేస్తున్నాడు, పడుగు రోజూ తరుగుతోంది. అమ్మ కండెలు చుట్టడం నెమ్మదించిందని నాన్న ఒకసారి విసుక్కున్నాడట. ఎందుకు నెమ్మదించిందో నాకు తెలుసు.

నేను తిరిగొచ్చి మా ఆయనతో చెప్పాను. చెప్పడం కాదు, ఆయన డార్క్‌రూమ్ తలుపు బయట నిలబడి, లోపల ప్రింటు పాడవుతుందని మొత్తుకుంటున్నా వినకుండా అంతా వినిపించాను. అప్పట్లో షోలాపూర్ దుకాణాల్లో అంత వెడల్పు లెన్సులు దొరికేవి కావు. పుణె నుంచి ఫోటో సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చిపోతుండేవాడు. అలాంటిది కావాలని ఆయనకు కబురు పెట్టాం.

ఎలాంటిది అనే దగ్గర మా ఇద్దరికీ ఒక రోజంతా వాదన నడిచింది. ఒకే నంబరు మీద ఉండే లెన్సు తీసుకుంటే బొమ్మ నిఖార్సుగా వస్తుందని ఆయన. నాకు జూమ్ కావాలి. స్టూడియోలో కూర్చునే మనిషికేం, కుర్చీ ముందుకూ వెనక్కీ జరుపుకుంటాడు. నేను వెళ్ళే ఇళ్ళలో ఒక చోట నిలబడితే అంతే, ముందు ఒడిబియ్యం పళ్ళెం, వెనక బియ్యం డబ్బా. కాళ్ళు కదలని చోట కాళ్ళ పని లెన్సే చెయ్యాలి. రింగు తిప్పితే గది మొత్తం రావాలి, ఇంకాస్త తిప్పితే పెళ్ళికూతురు ఒక్కతే రావాలి. ఈ మాట మీద ఆయన తగ్గాడు. తగ్గినట్టు ఒప్పుకోలేదు, జూమ్ అయితే పిల్లి పిల్లల ఫోటోలకు కూడా పనికొస్తుందన్నాడు. మా పెరట్లో పిల్లి అప్పుడే ఈనింది.

వ్యాపారి రెండు జూములు తెచ్చాడు. రెండూ ఇరవై నంబరు దగ్గర మొదలయ్యేవే. ముప్పై ఐదు దాకా వెళతాయి. నంబర్లు ఒకటే అయినా తయారుచేసిన కంపెనీలు వేరు. మళ్ళీ వచ్చేదాకా దగ్గర పెట్టుకుని చూడండి, నచ్చింది ఉంచుకుని రెండోది ఇచ్చెయ్యండి అన్నాడు. ధరల సంగతి ఇక్కడ ఎత్తను, ఎత్తితే మా ఆయనకు ఇప్పటికీ మొహం మాడుతుంది. ఆయనే లెన్సులను రెండు కొత్త టవళ్ళలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. అత్తమ్మ ఏమీ అడగకుండా వాటికి కూడా అగరుబత్తి తిప్పింది.

ఏది మంచిదో తేల్చడానికి మేం చేసిన పరీక్ష గురించి తలచుకుంటే నవ్వొస్తుంది. ఏ ఫోటోగ్రాఫరైనా ఒక మనిషిని నిలబెట్టి తీసి చూస్తాడు. మేం మా నాన్న దగ్గరికి వెళ్ళాం. నాన్న విషయం విని, నేత బాగుందో లేదో నడుమ చూస్తే తెలవదు, అంచు చూడాలె అన్నాడు. లెన్సుకైనా అదే లెక్క అని ఆయన ఉద్దేశం. ఇంటి పక్క గోడకు మేకులు కొట్టి, తెల్ల నూలు పోగులు నిలువునా అడ్డంగా బిగించి కట్టాడు. మధ్యాహ్నం ఎండలో మా ఆయన ఆ గోడ ముందు నిలబడి, పోగులు నాలుగు పక్కల అంచులకూ అందేలా రెండు లెన్సులతోనూ తీశాడు. పెద్ద సైజు ప్రింట్లు వేయించి పట్టుకెళ్ళాం.

నాన్న అరుగు మీద వెలుతురుకు కూర్చుని, ప్రింటు మీద ఒక పోగు రెండు చేతులతో సాగదీసి పెట్టాడు. బొమ్మలోని పోగు, చేతిలోని పోగు పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత బట్టలో పోగులు లెక్కబెట్టే చిన్న భూతద్దం తీసి మూలమూలలా చూశాడు. మొదటి లెన్సు బొమ్మలో అంచు పోగులు కాస్త బయటికి పొట్ట పెట్టాయి. నేను చూస్తే తెలిసేది కాదు, ఆయన పోగు పక్కన పెట్టాక తెలిసింది. రెండో లెన్సులో అంచు దాకా ఎక్కడా వంకర లేదు.

“ఇది ఢీలా పడుగు,” అని మొదటి ప్రింటును పక్కన పడేశాడు. “గిసొంటిది నేస్తే మా నాయిన నన్ను ఇంట్లకు రానియ్యకపోవు. గిది ఉంచుకోండ్రి. ఏక్‌దమ్ సీదా ఉన్నది.”

మా ఆయన మొదటి లెన్సు కొంచెం తేలిగ్గా ఉంది, చేతికి బాగుంది అని గొణిగాడు. కానీ ఆయనా నేతింటి పిల్లాడే. చిన్నప్పుడు అంచు వదులై ఢీలాగా వచ్చినందుకు తిన్న దెబ్బలు ఆయన వీపుకు ఇంకా గుర్తున్నాయి. వంకర పోగును చూస్తూ చూస్తూ ఇంటికి తెచ్చుకోలేకపోయాడు. నాకైతే అసలు రెండో ఆలోచనే రాలేదు. నాన్న అంచు చూసి బాగుందన్నాక ఇంకేం కావాలి?

వ్యాపారి వచ్చినప్పుడు మొదటిది తిరిగిచ్చేశాం. ఎందుకు నచ్చలేదని అడిగితే మా ఆయన ప్రింట్లు చూపించి, గోడకు పోగులు కట్టిన వైనం చెప్పాడు. వ్యాపారి మరాఠీలో, అంతా బాగానే ఉంది గానీ మనుషులను కూడా తీసి చూశారా అని అడిగాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన నవ్వి, సంచి మూసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు.

ఫోటో రోజు పొద్దున్నే వెళ్ళాం. పడుగు అడుగంటింది. రేపటికల్లా అయిపోతుందని నాన్న చెప్పాడు. అమ్మ మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. అన్నా వదినా పిల్లలతో సహా కొత్త బట్టలు కట్టుకుని మగ్గం వెనక నిలబడ్డారు. నాన్న గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. అమ్మ తన చోట, రాట్నం ముందు కూర్చుంది. కొత్త చీర కట్టుకోమని వదిన ఎంత చెప్పినా వినలేదు, పనిలో కట్టుకునే చీరే కట్టుకుంది. కాకపోతే ఉతికింది. కప్పులో బిగించిన అద్దం పలకలోంచి వెలుతురు మగ్గం మీద పడుతోంది. మూలలకు చాలదని మా ఆయన ఫ్లాష్‌కు తెల్లటి పల్చని గుడ్డ కట్టి, సున్నం వేసిన గోడ వైపు తిప్పి పట్టుకున్నాడు.

నేను తలుపు మూసి, ఆ తలుపుకే వీపు ఆనించి కెమెరాలోంచి చూశాను. గది మొత్తం వచ్చేసింది. ఇటు గోడ నుంచి అటు గోడ దాకా, మగ్గం, పడుగు, పైన వేలాడే తాళ్ళు, అందరి కాళ్ళు, అందరి తలలు. ఇన్నేళ్ళు మేం బతికిన గదిని ఒక్క చూపులో నేను ఎప్పుడూ చూడలేదు. సంతోషంతో మా ఆయనను మోచేత్తో పొడిచాను కూడా. ఆ తర్వాత అంచుకు వెళ్ళింది నా చూపు.

అంచున అమ్మ ఉంది. ఉంది గానీ అది అమ్మ మొహం కాదు. చెంపలు పక్కకు సాగి, ఒక కన్ను ఇంకో కన్ను కంటే పెద్దదై, గడ్డం గోడ వైపు లాగేసినట్టు ఉంది. రాట్నం పిడి మీదున్న చెయ్యి జొన్నరొట్టె అంత వెడల్పుగా ఉంది. కెమెరా దించి చూశాను. అమ్మ మామూలుగానే ఉంది, నా వైపు చూస్తూ, కాస్త సిగ్గుపడుతూ. మళ్ళీ కెమెరాలోంచి చూశాను. సాగిపోయింది.

లెన్సు రింగు మెల్లగా తిప్పాను. తిప్పేకొద్దీ ఆమె మొహం సర్దుకుంది. చెంపలు చెంపలయ్యాయి, కళ్ళు సమానమయ్యాయి. కానీ సర్దుకునేకొద్దీ ఆమె అంచులోంచి బయటికి వెళ్ళిపోతోంది. ముందు భుజం పోయింది. తర్వాత సగం మొహం. పూర్తిగా బాగయ్యేసరికి అమ్మ లేదు, పిడి పట్టుకున్న చెయ్యి మాత్రం మిగిలింది. వెనక్కి తిప్పితే మళ్ళీ వచ్చింది, మళ్ళీ సాగింది.

నాకు పిచ్చి కోపం వచ్చింది. లెన్సు మీద, నేత మీద, ఎవరి మీదో తెలియదు. కెమెరా మా ఆయన చేతిలో పెట్టి చూడమన్నాను. ఆయన రింగు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. అంచున గీతను వంగకుండా పట్టి ఉంచాలంటే, ఆ చోట ఉన్నదాన్ని లెన్సు బయటికి లాగాల్సిందే. గోడకూ పోగుకూ ఆ లాగుడు తెలియదు, మొహానికి తెలుస్తుంది. ఆ పొట్ట పెట్టిన లెన్సు అయితే ఇంత సాగేది కాదు. గీత కాస్త వంగి, మనిషి మనిషిలా ఉండేది. ఆ లెన్సు అప్పటికి పుణెలో ఉంది.

ముగ్గురం నేతవాళ్ళం కూర్చుని లెన్సు ఎంచితే ఇలాగే ఉంటుంది. వారమంతా పోగులు చూశాం. ఒక్కసారైనా ఒక పిల్లాణ్ణి పిలిచి అంచున నిలబెట్టాలని ఎవరికీ తట్టలేదు.

మగ్గంలోంచి నాన్న ఏమైందని అడిగాడు. దాచి లాభం లేదని చెప్పేశాను. అమ్మ మొహం సాగుతోంది, ఆమెను నడుమకు తెస్తే తప్ప బాగా రాదు అని. నడుమ నాన్న ఉన్నాడు. నాన్న రెండు చేతులు ఆనించి కష్టంగా గుంటలోంచి పైకి వచ్చి, తలుపు దగ్గరికి నడిచొచ్చాడు. కెమెరాలోంచి ఎలా చూడాలో మా ఆయన చూపించాడు. అంతకు ముందు నాన్న ఎప్పుడూ కెమెరాలోంచి చూడలేదు. ఒక కన్ను మూయడం చేతకాక అరచేత్తో మూసుకున్నాడు. ఆయన కెమెరాను ముందు పడుగు మీదికి, ఆ తర్వాత అమ్మ మీదికి తిప్పడం నాకు తెలుస్తూనే ఉంది. అమ్మను చాలాసేపు చూశాడు. అమ్మ తల దించుకుంది.

“పోగులు సీదనే ఉన్నయి,” అన్నాడు చివరికి. కెమెరా దించి, “మనిషిని పెట్టి చూడకపోతిమి,” అన్నాడు.

కెమెరా నా చేతికిచ్చి అమ్మ వైపు తిరిగాడు. “నువ్వు లే. ఇటొచ్చి మగ్గంల కూసో. నేను రాట్నం కాడ కూసుంట.”

మా ఇంట్లో ఆడవాళ్ళు మగ్గంలో కూర్చోరు. వేరే ఇళ్ళలో కూర్చునేవాళ్ళు, నేసేవాళ్ళు కూడా. మా ఇంట్లో మాత్రం తాత కాలం నుంచీ ఆ గుంట మగవాళ్ళదే. అమ్మ కదలలేదు.

“నేను మగ్గంల కూసునుడేంది?”

“రేపు ఊడదీసుడే గద. ఇంకెవరు కూసుంటరు అండ్ల?” అన్నాడు నాన్న. “నా మొఖం సాగితే ఏం గాదు, నడుస్తది.”

అమ్మ నా వైపు చూసింది, అన్న వైపు చూసింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి లేచింది. కొంగుతో పాదాలు తుడుచుకుంది. మగ్గాన్ని ముట్టుకుని కళ్ళకు అద్దుకుని గుంటలోకి దిగింది. తొక్కుడు చెక్కలకు ఆమె కాళ్ళు సరిగ్గా అందలేదు, వేళ్ళతోనే తాకింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె చుట్టిన నూలంతా ఆ మగ్గంలోకే వెళ్ళింది. అక్కడ కూర్చుంటే గది ఎలా కనిపిస్తుందో ఆమె చూడటం మాత్రం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకటి పోగులను దగ్గరికి కొట్టే అచ్చు మీద, ఒకటి నేసిన బట్ట మీద పెట్టుకుంది. ఆ బట్టను మెల్లగా నిమిరింది. నేను తలుపుకు ఆనుకుని కళ్ళు తుడుచుకుని, ఫోకస్ సరిచేసుకున్నాను.

నాన్న మోకాళ్ళు మడవలేక ఒక కాలు చాపుకుని రాట్నం ముందు కూర్చున్నాడు. పని నడుస్తుండగానే తీయాలి కదా, అందుకని పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. నాన్న రాట్నం తిప్పి ఎన్నేళ్ళయిందో. నూలును పట్టి గట్టిగా లాగుతున్నాడు, కండె ఒక పక్కకు గుట్టగా లేస్తోంది. నేను అందరినీ కెమెరా వైపు చూడమన్నాను. అందరూ చూశారు, అమ్మ తప్ప. అమ్మ తల తిప్పి నాన్న చేతులే చూస్తోంది.

“గట్ల గుంజకు, తెగుతది. మెల్లగ తిప్పు,” అంది.

నేను అప్పుడే నొక్కాను. ఆ వెంటనే నూలు తెగింది. పిల్లలు ఘొల్లుమన్నారు, నాన్న కూడా నవ్వాడు. అమ్మ గుంటలోంచి లేవబోతుంటే నేను కసిరి కూర్చోబెట్టాను. కెమెరా వైపు చూడమని, కొంగు సర్దుకోమని చెప్పి ఇంకొకటి తీశాను. అది పద్ధతిగా వచ్చింది.

మర్నాడు పడుగు అయిపోయింది. రెండు రోజుల్లో మగ్గం విప్పేశారు. గుంట పూడ్చి మట్టి కొట్టారు. నేను ప్రింట్లు తీసుకుని వెళ్ళేసరికి గది ఖాళీగా ఉంది, పవర్‌లూములు ఇంకా రాలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడవొచ్చు. వెనక్కి ఎంత కావాలంటే అంత జరగొచ్చు. ఇప్పుడైతే ఆ పాత యాభై లెన్సు కూడా సరిపోతుంది అనుకున్నాను.

రెండు ప్రింట్లూ నేల మీద పక్కపక్కన పెట్టాను. రెండింట్లోనూ అంచున నాన్న మొహం చపాతీలా సాగి ఉంది. పిల్లలు పడి పడి నవ్వారు. నాన్న భూతద్దం తెచ్చుకుని తన మొహం మీద నుంచి దాటేసి, పడుగు మీద పెట్టి చూశాడు. బరాబర్ ఉందన్నాడు.

పద్ధతిగా వచ్చిన ఫోటో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టిద్దామని మా ఆయన అన్నాడు. అందులో అమ్మ చక్కగా కెమెరా వైపు చూస్తోంది, కొంగు కూడా సరిగ్గా ఉంది. మొదటిదాంట్లో అమ్మ నోరు తెరుచుకుని ఉంది, తల పక్కకు తిరిగి ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కసారి ఇంటి నడుమ కూర్చుంటే, అప్పుడు కూడా ఆమె చూపు తన రాట్నం మీదే ఉంది. నాకు అది చూస్తుంటే ఏడుపొచ్చింది. నేనూ రెండోదే బాగుందన్నాను.

అమ్మ మొదటిదే చేతిలోకి తీసుకుంది. దీంట్లో పని నడుస్తోంది అంది. తలుపు దగ్గర వెలుతురుకు వెళ్ళి, ఫోటో మీద తన బొమ్మ వెంట చూపుడు వేలు జరుపుకుంటూ వచ్చింది. తల, భుజం, అచ్చు మీద ఒక చెయ్యి, బట్ట మీద ఇంకో చెయ్యి. అక్కడ వేలు ఆగింది.

“రెండు చేతులు వచ్చినయి,” అంది నాతో.